తోపుడు బండి గురించి ఒక ఉత్తరం

శ్రీకాకుళం,
ఆదివారం

అమ్మా,

ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లోని బండ్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటిసారి చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. తప్పు సగం నీది, సగం నా వయసుది. సెలవులకి వచ్చిన మా మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఫోర్ట్‌నైట్ పాత వీడియోలు చూపించమని, తర్వాత మళ్లీ చదివాను.

2018 మే నెలాఖరులో ఆ ఆటలోకి మొదటి వాహనం వచ్చిందన్నావు. సూపర్‌మార్కెట్‌లో సామాన్లు వేసుకునే ట్రాలీ. ఇంజిను లేదు, ఇద్దరు పడతారు, ఒకరు తోస్తే ఒకరు కూర్చుంటారు. జూలైలో గోల్ఫ్ కార్ట్, మరుసటి ఏడు పెద్ద బంతిలాంటి బాలర్. అన్నీ నిజాలే. కానీ షోరూంలో చేతికిచ్చే కరపత్రంలా ఉంది. చదివాక ఆ బండి కొనాలా వద్దా అన్న అనుమానం తప్ప నాకేమీ మిగల్లేదు.

నా మొదటి వ్యాసమూ ఇలాగే తిరిగొచ్చిందిలే. శ్రీకూర్మం రోడ్డులో షేర్ ఆటోలు కొత్తగా తిరుగుతున్న రోజులవి. ఎంతమంది పడతారు, మనిషికి ఎంత తీసుకుంటారు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, అన్నీ రాసి పంపాను. సంపాదకుడు అంచున ఎర్ర సిరాతో ఒక్క ప్రశ్న రాసి వెనక్కి పంపాడు: “ఆటో వచ్చాక ఎవరు ఎక్కడ దిగుతున్నారు?” ఒళ్లు మండింది. మూడు రోజులు అలిగి, నాలుగో రోజు వెళ్లి అరసవల్లి దాటాక రోడ్డు పక్కన నిలబడ్డాను. బస్సుకి స్టాపంటే స్టాపే. ఆటోకి చింతచెట్టు నీడ ఒక స్టాపు, బడ్డీకొట్టు ఒక స్టాపు. చేపల గంప పెట్టుకున్నామె “ఇక్కడాపు బావూ” అంటే అదే స్టాపు. అప్పటిదాకా ఎవరూ ఆగని చోట్లకి పేర్లు కూడా పుట్టుకొచ్చాయి. సాయంత్రం దాకా నిలబడి, ఆ పేర్లన్నీ ఒక సిగరెట్ పెట్టె వెనకాల రాసుకున్నాను.

ఇప్పుడు నీ ట్రాలీ దగ్గరికి రా. వంద మంది, బెలూను కట్టిన బస్సులోంచి దీవి మీదికి దూకుతారు. చుట్టూ తుపాను వలయం బిగుస్తుంటుంది, లోపలికి పరుగెత్తాలి. ట్రాలీ రాకముందు ఆ పరుగులో కొండంటే కాళ్లకి అడ్డం, లేదా ఎక్కి కూర్చుని కింద పోయేవాణ్ణి కొట్టే చోటు. ట్రాలీ వచ్చాక అదే కొండ జారుడుబల్ల అయింది. ఇంజిను లేని బండికి పల్లమే పెట్రోలు కదా! దాంతో ఆటగాళ్ల కళ్లు నేల వాలు మీదికి పోయాయి. ఏ గుట్ట మీంచి తోస్తే ఎందాకా పోతుంది, ఏ అంచున ఎగిరితే అవతల పడతాం, చెక్కలతో ర్యాంపు కడితే ఇంకెంత దూరం. గెలుపు సంగతి మరిచిపోయి గుట్టల మీంచి దూకేవాళ్లని మావాడు చూపిస్తే, నవ్వీ నవ్వీ నాకు దగ్గొచ్చింది. నీ వ్యాసంలో ఆ గుట్ట ఒక్కటీ లేదే!

‘ఇద్దరు పడతారు’ అన్నది రెండు మాటల్లో తేల్చేశావు. కథంతా అక్కడే ఉందమ్మా. తోసేవాడు తుపాకీ పేల్చలేడు. కూర్చున్నవాడు పేల్చగలడు గానీ దారి వాడి చేతిలో లేదు. ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. మా చిన్నప్పుడొక వేసవి మధ్యాహ్నం, కొబ్బరిబొండాలాయన కునుకు తీస్తుంటే, ఆయన తోపుడు బండి మీద నన్ను కూర్చోబెట్టి మా బావ నాగావళి గట్టు మీంచి పల్లంలోకి తోశాడు. ముందున్నాను కనుక గొయ్యి నాకు కనబడింది. పట్టుకున్నది వాడు కనుక ఆపాల్సింది వాడు. “ఒరే, గొయ్యి!” అనేలోపు ఇద్దరం ఇసకలో ఉన్నాం. ఆయన తిట్టిన తిట్లు నీకు రాయకూడదు. రోజూ నడిచే గట్టే అది, అక్కడ గొయ్యి ఉందని అంతకుముందు మాకు తెలీదు. ఇప్పుడు కళ్లు మూసుకుని చూపించగలను.

బాలర్ గురించి నువ్వు రాసింది కొంచెం నయం. లోపల కూర్చున్నవాడు కాల్చలేడు. రబ్బరు మూతి ఉన్న తాడు విసిరితే అది గోడకో చెట్టుకో అతుక్కుంటుంది, పట్టుకుని ఊగొచ్చు. అంటే చెట్టు కనబడగానే దాని వెనక దాక్కుందామని కాదు, దీన్ని పట్టుకుంటే ఎటు ఎగురుతాను అని లెక్క. ఆ లెక్క ఇంకాస్త రాయి. గోల్ఫ్ కార్ట్ మీద నాకు మోజు కలగలేదు. నలుగురెక్కుతారు, పైకప్పు మీద గెంతుతారు, అంతేగా. కాదంటే నాతో పోట్లాడు.

ఒక మాట దగ్గర మాత్రం పెన్ను ఆపు. “తుపాను ముంచుకొస్తుంటే భలే మజా” అని రాశావు. ఆ ట్రాలీ వచ్చిన ఏడే, అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. నీ పాఠకుల్లో ఆ రాత్రి మేలుకుని కూర్చున్నవాళ్లుంటారు. తుపాను అన్న పదం ఉంచు, బిగిసే వలయం అంటే ఏమిటో సోంపేట వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ‘మజా’ తీసెయ్.

ఇంకోటి. నీ వ్యాసం మా ఆవిడకి పైకి చదివి వినిపించాను. రెండో పేరాలో లూట్, స్పాన్, మెటా అని ఆటగాళ్ల పరిభాష మూడు ముక్కలు వరసగా రాగానే పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయంది. పొయ్యి మీద పాలేం లేవు. ఆమె లేచిన చోట పెన్సిలుతో గీత పెట్టాను, చూసుకో.

మీ అన్నయ్యతో కలిసి ఆడేదాన్నని ఉత్తరం చివర ఒక ముక్క రాశావు. వ్యాసంలో వాడి ఊసే లేదు. నీకు బాగా గుర్తున్న ఒక్క ఆట తీసుకో. ఎక్కడ దిగారు, ట్రాలీ ఎక్కడ దొరికింది, ఎవరు తోశారు, ఎక్కడ బోల్తా కొట్టారు. తేదీలన్నీ ఒక్క వాక్యంలో సర్దెయ్యొచ్చు.

రెండో ప్రతి కాగితం మీదే పంపు, ఫోనులో అక్షరాలు నా కళ్లకి ఆనవు. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు. బోల్తా పడ్డప్పుడు తప్పెవరిదని మీ అన్నయ్యని కూడా అడుగు. వాడు నీదే అంటాడు. అది కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు