సీసాలో వచ్చిన చీజ్ సాస్‌ను ఉడికించకు, వేడి చెయ్యి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాస్తాలో వేసిన చీజ్ సాస్ పలుకులు పలుకులుగా విరిగి, పైన నూనె తేలుతోందని రాశావు. తప్పు సాస్‌ది కాదమ్మా, మంటది. సీసాలోది ముందే ఉడికిన సాస్. మళ్లీ తెర్లనిస్తే చీజ్‌లోని ప్రొటీన్ బిగుసుకుని పలుకులు కడుతుంది, కొవ్వు విడిపోతుంది. సన్న సెగ మీద కలుపుతూ ఉండు, అంచుల్లో చిన్న బుడగలు రాగానే దించెయ్యి.

400 గ్రాముల సీసాకి 300 గ్రాముల ఎండు పాస్తా సరిపోతుంది. సాస్‌లోనే ఉప్పు బాగా ఉంటుంది, కాబట్టి పాస్తా ఉడికే నీళ్లలో మామూలుగా వేసే దాంట్లో సగమే వెయ్యి. ప్యాకెట్ మీద చెప్పినదానికంటే ఒక నిమిషం ముందే దించు, మిగతాది సాస్‌లో మగ్గుతుంది. వార్చేముందు ఒక కప్పు నీళ్లు తీసి పెట్టుకోవడం మాత్రం మరిచిపోకు. ఆ నీళ్లలో గంజి ఉంటుంది. అదే కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పాస్తాని చన్నీళ్లతో కడిగినా, నూనె రాసినా సాస్ దానికి అంటకుండా జారిపోతుంది.

వేడి సాస్‌లో పాస్తా వేసి, ఆ గంజినీళ్లు రెండేసి చెంచాలు పోస్తూ నిమిషంపాటు కలుపు. గిన్నెలో కాస్త పలచగా అనిపించినప్పుడే ఆపు, పళ్లెంలోకి వచ్చేసరికి ఎలాగూ చిక్కబడుతుంది. విరగడం మొదలైతే వెంటనే దించి, ఇవే నీళ్లు చెంచాడు చెంచాడుగా పోస్తూ గిలక్కొట్టు. మరీ పలుకులు కట్టాక మాత్రం మునుపటి నునుపు రాదు.

పుట్టగొడుగులు, పాలకూర పచ్చివి వేస్తే నీరు ఊరి సాస్ పలచనవుతుంది. విడిగా వేయించి, నీరు ఇగిరాకే కలుపు. మిరియాల పొడి, నిమ్మరసం దించాకే. నిమ్మరసం అరచెంచా మించనివ్వకు, పులుపు ఎక్కువైనా విరుగుతుంది. అదనంగా చీజ్ కావాలంటే అప్పటికప్పుడు తురిమి, పొయ్యి కట్టేశాక వెయ్యి. తురిమి అమ్మేదానికి ముద్దకట్టకుండా పొడి పట్టిస్తారు, అది అంత నున్నగా కరగదు.

కొనేటప్పుడు మూత మధ్యలో ఉబ్బి ఉంటే ఆ సీసా వద్దు. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యి, ఎంగిలి చెంచా ముంచొద్దు. గడ్డకట్టిస్తే కరిగాక నీళ్లూ ముద్దా వేరవుతాయి. మిగిలిన పాస్తాని మర్నాడు రెండు చెంచాల పాలు చల్లి, సన్న సెగ మీదే వేడి చేసుకో.