ఆఖరి విజిల్ తర్వాత: మన క్లబ్ కొత్త సెక్రటరీకి

తమ్ముడూ,

ఆదివారం మ్యాచ్‌తో ఈ ఏటి ఫుట్‌బాల్ లీగ్ అయిపోతుంది. సెక్రటరీగా నీకిది మొదటి సీజన్. నిన్న ఫోన్‌లో "ఇంకొక్క మ్యాచ్ అన్నా, తర్వాత జూన్ దాకా గ్రౌండ్ వైపు చూడను" అన్నావు. నీ అలసట నాకు తెలుసు. ఆఫీసు, ఇల్లు, గ్రౌండ్ మధ్య ఎంత నలిగిపోయావో చూస్తూనే ఉన్నా. కానీ ఆఖరి విజిల్ పడ్డాక రెండు మూడు వారాల పని ఇంకా మిగిలి ఉంటుంది. ఇరవై రెండేళ్లు ఈ బాధ్యత మోసినవాడిగా చెబుతున్నా, పిల్లలు మళ్లీ జూన్‌లో వస్తారా రారా అన్నది ఆ మూడు వారాల్లోనే తేలిపోతుంది. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు జెర్సీల సంగతి. ఆఖరి మ్యాచ్ అయిన రోజే మ్యాచ్ జెర్సీలన్నీ వెనక్కి తీసుకో. ఉతికి తెస్తామన్న వాళ్లకి మర్నాడు సాయంత్రం వరకు టైమివ్వు, అంతే. వారం దాటితే సగం రావు. ఒకటి ఊరికి వెళ్లిపోతుంది, ఇంకొకటి ఇంట్లో తమ్ముడి ఒంటి మీద కనబడుతుంది. రిజిస్టర్‌లో నంబర్ వారీగా టిక్ పెట్టుకో. కానీ తల దించుకుని టిక్కులు పెడుతూ మాత్రం కూర్చోకు.

చాలా ఏళ్ల కింద నేనలాగే కూర్చున్నా. టేబుల్ మీద జెర్సీల కుప్ప, చుట్టూ గోల. పదహారో నంబర్ కుర్రాడు వచ్చాడు. లాలాపేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. జెర్సీని ఇస్త్రీ చేయించి, మడతపెట్టి, న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చాడు. నేను పేపర్ కొంచెం విప్పి, నంబర్ చూసి, టిక్ పెట్టి "ఆఁ, తర్వాత ఎవరు?" అన్నా. వాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. వెళ్లిపోయాడు.

రాత్రి ఇంట్లో జెర్సీలు మూట కడుతుంటే వాడిది చేతికి తగిలింది. ఒక్క మరక లేదు. మిగతావాటికి ఎన్నిసార్లు ఉతికినా పోని గడ్డి పచ్చ, మెడ దగ్గర పసుపు రంగు ఉన్నాయి. వీడి దానికి నంబర్ అంచు కూడా లేవలేదు. స్కోరు పుస్తకం తీసి లెక్క చూశా. ఆ సీజన్ మొత్తం మీద వాడిని మేం ఆడించింది పదకొండు నిమిషాలు. ప్రాక్టీసుకి మాత్రం ఒక్కరోజు మానలేదు. ఆ సాయంత్రం వాడు నిలబడింది ఒక మాట కోసం. "వచ్చే ఏడాది నువ్వు ఉంటావు" అన్నా సరే, "ఇక్కడ నీకు చాన్స్ కష్టం, ఫలానా టీమ్‌లో అడుగుతా" అన్నా సరే. నేను ఏదీ అనలేదు. జూన్‌లో వాడు రాలేదు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ "ఆట మానేశాడయ్యా, బూట్లు కూడా ఎవరికో ఇచ్చేశాడు" అంది. ఆ గుమ్మంలో నిలబడ్డ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే నీకు చెప్పే అసలు మాట ఇది. సీజన్ ముగిసిన పది రోజుల్లోపు ప్రతి ఆటగాడితో విడిగా మాట్లాడు. కోచ్‌ని కూడా కూర్చోబెట్టుకో. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు చాలు. గ్రౌండ్ పక్కన చెట్టు కింద మాట్లాడొచ్చు, చాయ్ తాగుతూ మాట్లాడొచ్చు, కానీ నలుగురి ముందు వద్దు. గోల్స్ కొట్టినవాళ్లతో కాదు, బెంచీ మీద కూర్చున్నవాళ్లతో మొదలుపెట్టు. స్టార్లతో మాట్లాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఏం మాట్లాడాలి అంటావేమో. ఈ ఏడాది వాడి ఆటలో నువ్వు కళ్లారా చూసిన ఒక మంచి విషయం చెప్పు. "బాగా ఆడావు" అంటే వాడికి ఏమీ అందదు. "మొన్న మ్యాచ్‌లో మన లెఫ్ట్ బ్యాక్ ముందుకు పోతే నువ్వు చెప్పకుండానే వెనక్కి వచ్చి ఆ ఖాళీ కాశావు" అంటే, ఎవరో చూస్తున్నారని వాడికి అర్థమవుతుంది. తర్వాత మెరుగుపరుచుకోవాల్సింది ఒక్కటి చెప్పు, పది చెప్పకు. ఆ తర్వాత వచ్చే ఏడాది వాడి చోటు ఏమిటో స్పష్టంగా చెప్పు. చోటు లేకపోతే లేదనే చెప్పు. "చూద్దాం" అనే మాట నీ నోట రాకూడదు. ఆ ఒక్క మాట పట్టుకుని పిల్లలు నెలల తరబడి ఎదురుచూస్తారు. టీమ్ లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే పని అయిపోయిందనుకోకు. పేరు లేనివాడు ఆ లిస్టును ఎన్నిసార్లు పైకీ కిందకీ జరిపి చూస్తాడో ఊహించు.

మెరుగుపరుచుకోవాల్సింది అన్నాను కదా, దానికి మన ఊరి పెద్దాయన దారి ఒకటి ఉంది. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వృత్తికి టీచర్. ఆయన కోచింగ్‌లోనే హైదరాబాద్ సిటీ పోలీస్ 1950లో మోహన్ బగాన్ మీద గెలిచి డ్యూరాండ్ కప్ తెచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం కూడా ఆయన నడిపిన భారత జట్టువే. అంతటి ఆయన ఇక్కడ కుర్రాళ్లకు పెట్టిన పోటీలేమిటో తెలుసా? బలహీనమైన కాలితోనే ఆడాలన్న టోర్నమెంటు ఒకటి. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోవడం, చేయకూడదన్న టోర్నమెంటు ఇంకొకటి. గెలుపు కోసం పరుగెత్తే లీగ్ మధ్యలో ఇవి పెట్టలేం. వేసవిలో పెట్టొచ్చు. మే నెలలో నాలుగు ఆదివారాలు, పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకల్లా ముగించు. ఐదుగురు ఐదుగురు చొప్పున టీములు చేసి, కుడికాలి వాళ్లందరినీ ఎడమ కాలితోనే ఆడించు. నేను చేసి చూశాను. బెంచీ మీది పిల్లలకీ స్టార్లకీ మధ్య తేడా ఆ రోజు సగం చెరిగిపోతుంది.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం దగ్గర గ్రౌండ్‌కి రావడానికి డబ్బుల్లేకపోతే, సైకిల్ అద్దెకు రోజుకో రూపాయి రహీం సాబ్ ఇచ్చేవారు. ఆ కుర్రాడే తర్వాత మెల్‌బోర్న్‌లో, జకార్తాలో ఆడాడు. నీ టీమ్‌లో ఎవడు బస్సు చార్జీ లేక ప్రాక్టీసు మానుతున్నాడో ఈ మూడు వారాల్లోనే కనుక్కో. అడిగితే చెప్పరు. పక్కవాడిని అడిగితే తెలుస్తుంది.

ఇక వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. మంచి ఆటగాడిని పెద్ద క్లబ్ అడుగుతుంది. నీకు కడుపు మండుతుంది, నాకూ మండింది. అయినా కాగితాలు ఆపకు. ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో నీ వైపు నుంచి చేయాల్సింది ఏదైనా ఉంటే అడిగిన రోజే చేసెయ్. కుర్రాడి ఒక సీజన్ మన పంతానికి బలి కాకూడదు. అలా పంపినవాళ్లలో ఇద్దరు పెద్దయ్యాక తిరిగి వచ్చి మన చిన్నపిల్లలకు కోచింగ్ ఇచ్చారు, నీకు తెలుసు.

ఇదే సమయంలో కొందరు తల్లిదండ్రులు నెమ్మదిగా పక్కకి పిలుస్తారు. "వయసు ఒక ఏడాది తగ్గించి రాస్తే అండర్-15లో ఆడతాడు కదా సార్" అంటారు. ఈ విషయంలో కఠినంగా ఉండు. అలా ఆడిన పిల్లవాడు చిన్నవాళ్ల మీద ఒంటి బలంతో గెలుస్తాడు, ఆట నేర్చుకోడు. తన వయసు వాళ్లతో ఆడాల్సి వచ్చిన రోజు చేతులెత్తేస్తాడు. వాడు ఆక్రమించిన చోటులో ఆడాల్సిన పిల్లవాడొకడు బయట కూర్చుంటాడు. ఎంత దగ్గరివాళ్లు అడిగినా వద్దనే చెప్పు.

లెక్కలు అందరి ముందు చదివి వినిపించు. చందాలు, రిఫరీ ఫీజులు, బంతులు, ఆటో చార్జీలు, ఐస్, బ్యాండేజీలు, అన్నీ ఒక పేజీలో రాసి పెట్టు. లోటు ఉంటే లోటనే చెప్పు. జేబులోంచి పెట్టినది కూడా రాయి, మొహమాటపడకు. రాయకపోతే నీ తర్వాత వచ్చేవాడికి క్లబ్ నిజంగా ఎంతలో నడుస్తుందో తెలియదు.

భోజనాలు ఆదివారమే పెట్టు. శనివారం మాంసం ముట్టని పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి క్యాలెండర్ చూసుకో. ఉపవాసాల్లో పడితే ఈద్ అయ్యాక పెట్టు, లేదా ఇఫ్తార్ వేళకే పెట్టు. ఇంటర్ పరీక్షలు రాసేవాళ్ల తేదీలు కూడా కనుక్కో. బిర్యానీ ఎక్కడిదైనా పర్లేదు, అందరూ ఒకేచోట కూర్చుని తినడం ముఖ్యం. బహుమతుల్లో టాప్ స్కోరర్‌కి ఒక షీల్డ్ ఇస్తావు సరే. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి నెట్లు కట్టినవాడు ఎవడో కూడా చూడు. వాడి పేరు మైకులో పిలువు. వాళ్ల అమ్మానాన్నల్ని కూడా రమ్మను.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. నెట్లు విప్పి లోపల పెట్టు, ఎండకి నైలాన్ పెళుసైపోతుంది. బంతుల్లో గాలి కొంచెం తగ్గించు, పూర్తిగా తీయకు. దర్జీ టేపుతో చుట్టుకొలత చూడు, 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉండాలి. సాగిపోయినవి ప్రాక్టీసుకి పక్కన పెట్టు. కదిలే గోల్ పోస్టుల్ని గ్రౌండ్‌లో అలా వదిలేయకు. ఎవరూ లేనప్పుడు పిల్లలు పట్టుకుని వేలాడతారు, అవి మీద పడితే ప్రాణాలకే ప్రమాదం. గొలుసుతో గోడకి కట్టెయ్. గీతలకి మిగిలిన సున్నం బస్తా ఉంటే వచ్చే ఏడాదికి దాచకు. ఒకసారి తడి నేల మీద స్లైడ్ చేసిన కుర్రాడి తొడ సున్నానికి కాలిపోయింది. ఆ రోజు నుంచి రాతి ముగ్గుపిండే వాడాను.

పిల్లల ఒంటికి రెండు మూడు వారాలు పూర్తి విశ్రాంతి ఇవ్వు. మోకాలు, తొడ కండరం నొప్పితో సీజన్ మధ్యలో పళ్ల బిగువున ఆడినవాళ్ల లిస్టు రాయి. ఇప్పుడే డాక్టరుకి చూపించు. జూన్‌లో చూపిద్దామంటే ఆ సీజన్ కూడా కుంటుతూనే గడుస్తుంది. మన సెంటర్ బ్యాక్ మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటున్నాడు, గమనించావా? ముందు వాడిని తీసుకెళ్లు.

ఆదివారం నేనూ వస్తున్నా. మ్యాచ్ అయ్యాక జెర్సీల టేబుల్ దగ్గర నువ్వు కూర్చోకు. రిజిస్టర్ నాకివ్వు, టిక్కులు నేను పెడతా. నువ్వు పక్కనే నిలబడి, జెర్సీ ఇచ్చి వెళ్లే ప్రతివాడినీ ఆపు.

నీ అన్న