అనంతపురంలో షార్డనే ద్రాక్ష వేస్తే చల్లని దేశాల వైన్ రుచి వస్తుందా?

రాదు. తీగ బతుకుతుంది, కాపూ వస్తుంది. నిలవనిది పులుపు, ఆ వైన్‌కు ప్రాణం అదే.

షార్డనే పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బుర్గుండీ. అక్కడి షాబ్లీ ప్రాంతం 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంటుంది, అనంతపురం 14 దాటి కాస్త పైన. పచ్చి యాపిల్ కొరికితే నాలుకకు తగిలే మాలిక్ ఆమ్లమే ఈ ద్రాక్షలోనూ ఉంటుంది. పండే దశలో కాయ తన శ్వాసక్రియకు ఆ ఆమ్లాన్ని వాడుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ అది త్వరగా తరిగిపోతుంది. చల్లని చోట చక్కెర నిదానంగా చేరుతుంది, పులుపు మిగులుతుంది, సువాసన కుదురుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మన ఫిబ్రవరి, మార్చి ఎండల్లో తీపి ముందే ఎక్కేస్తుంది.

షాబ్లీ వైన్ ధర ఎక్కువే, కానీ దాని వెనకున్న కష్టం చూడాలి. వసంతంలో మంచు చిగుళ్లను మాడ్చకుండా షాబ్లీ రైతు కుటుంబాలు తీగల వరుసల మధ్య మైనపు డబ్బాలు వెలిగించి రాత్రంతా కాపలా కాస్తాయి. అయినా కొన్నేళ్లు పంట పోతుంది.

అనంతపురం నేలకు థామ్సన్ సీడ్‌లెస్ వంటి తినే ద్రాక్షే మేలని నా అభిప్రాయం. మన ఎండ ఇచ్చే తీపి తినే ద్రాక్షకు లాభమే.