విరిగిన షాఫ్టే మీ సాక్షి

ప్రశ్న: నాకు సొంత పికప్ వాహనం ఉంది. పలమనేరు నుంచి చెన్నై కోయంబేడుకు టమాటా తోలుతుంటాను. బండి అదురుతోందని బెంగళూరులోని ఒక వర్క్‌షాపులో రెండు ముక్కల ఉక్కు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకు శక్తిని చేర్చే గొట్టం) తీయించి, కొలిచి చేసిన ఒంటి ముక్క అల్యూమినియం షాఫ్ట్ వేయించాను. 52 వేలు యూపీఐలో కట్టాను, బిల్లు తీసుకోలేదు. 2024 ఆగస్టు 19న మొగిలి ఘాట్‌లో అది విరిగి గేర్‌బాక్సు పగిలింది. బాగు చేయించడానికి లక్షా పదివేలు అప్పు చేశాను. అధిక బరువు వల్లే విరిగిందని వర్క్‌షాపు వాళ్లు అంటున్నారు. ముక్కలు పంపితే కొత్తది ఉచితంగా చేస్తారట. అవి మా పశువుల కొట్టంలో ఉన్నాయి. తెలిసిన దుకాణంలో పాత తేదీతో బిల్లు రాయించి కేసు వేయమని మిత్రుడు చెబుతున్నాడు. ఇంట్లో ముఖం చూపలేకపోతున్నాను. న్యాయం జరుగుతుందా?

జవాబు: మీరు ఎంత నష్టపోయారన్నది వినియోగదారుల కమిషన్ తర్వాత చూస్తుంది. ముందు అడిగేది షాఫ్ట్ ఎందుకు విరిగిందని. దానికి జవాబు ఆ ముక్కల్లోనే ఉంది. వెల్డింగు గీత వెంట ఊడి వచ్చిందా? అయితే తయారీ లోపం. షాఫ్ట్ పొడవు ఎక్కువై, స్ప్రింగులు అణిగినప్పుడల్లా గేర్‌బాక్సును పొడిచిన గుర్తులున్నాయా? అయితే కొలత తప్పు. గొట్టం మెలితిరిగి ఉంటే మాత్రం వాళ్ల వాదనకే బలం. అటువంటి సాక్ష్యాన్ని ఇన్నాళ్లు పేడ, తేమ మధ్య పడేశారు! విరిగిన చోటును తుప్పు తినేస్తే ఏ నిపుణుడూ ఏమీ చెప్పలేడు. వాటిని ఈ రోజే తీయండి. కడగవద్దు, నూనె రాయవద్దు. ఫొటోలు తీసి, పొడి గుడ్డలో చుట్టి, ఇద్దరు సాక్షుల ఎదుట సీలు వేయండి. వర్క్‌షాపుకు మాత్రం పంపవద్దు. ఉచితంగా వచ్చే ఆ కొత్త షాఫ్ట్‌కు మీరు చెల్లించే ధర మీ కేసే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 38 కింద కమిషనే వాటిని ప్రయోగశాలకు పంపగలదు. దాఖలు చేసేటప్పుడే అందుకు దరఖాస్తు పెట్టండి.

పాత తేదీ బిల్లు ఆలోచన ఇక్కడితో వదిలేయండి. కమిషన్ విచారణ న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పైగా మీకు ఆ అవసరమే లేదు. బ్యాంకు స్టేట్‌మెంటులో 52 వేలు వెళ్లినట్టు ఉంటుంది. బండి కింద దూరి కొలత తీసుకున్నది వాళ్ల మనిషే అయితే, ఆ కొలత చెప్పిన వాట్సాప్ సందేశం బిల్లు కన్నా విలువైనది. ఫోను మార్చవద్దు, సందేశాలు చెరపవద్దు. వాటి ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయండి. కొలత మీరే పంపి ఉంటే ఆ సంగతి మీ వకీలుకు ముందే చెప్పండి.

గడువు రెండేళ్లు. విరిగిన రోజు నుంచే లెక్కవేసుకుని 2026 ఆగస్టు 18లోగా దాఖలు చేయండి. ఫోన్లో బతిమాలుకున్నా, లీగల్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. రేపు మాపు అంటూ తిప్పారన్న కారణంతో ఆలస్యాన్ని మన్నిస్తారని నమ్ముకోవద్దు.

వర్క్‌షాపు బెంగళూరులో ఉన్నా, మీరు నివసించే చిత్తూరు జిల్లాలోని కమిషన్‌లోనే వేయవచ్చు. ఈ మొత్తానికి ఫీజు లేదు. బండి మీరే నడుపుతూ, స్వయం ఉపాధితో కుటుంబాన్ని పోషించుకుంటున్నారని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. లేకపోతే వాణిజ్య అవసరానికి కొన్న మీరు వినియోగదారే కాదంటూ మొదటి వాయిదాలోనే అభ్యంతరం చెబుతారు. షాఫ్ట్ ధర, గేర్‌బాక్సు ఖర్చు, బండి ఆగిన రోజుల ఆదాయం అన్నీ కోరండి.

మిగిలింది బరువు. ఆ రోజు ఎన్ని బాక్సులు ఎత్తారో మండీ చీటీలో ఉంటుంది. బాక్సు బరువుతో హెచ్చవేస్తే, ఆర్‌సీలోని పరిమితి దాటిందో లేదో తేలిపోతుంది. మండీ వాళ్లు పాత పుస్తకాలు పారేయకముందే వెళ్లి నకలు అడగండి.