ఈట్ అవుట్ అంటే ఎక్కడ తినడం?

తమ్ముడూ,

అనువాదం చదివాను. సంభాషణలు బాగా కుదిరాయి. మొదటి పేజీలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. "ఆ ఆగస్టంతా వాళ్లు ఆరుబయటే తిన్నారు" అని రాశావు. మూలంలో ఉన్నది ఈట్ అవుట్. నీ వాక్యం చదివితే లండన్ పార్కులో దుప్పటి పరుచుకుని కూర్చున్న జంట కనిపిస్తోంది. పాపం, వాళ్లు వెళ్లింది హోటల్‌కి.

పోనీ 'బయట తిన్నారు' అందామా? దాదాపు సరిపోతుంది. కానీ మన బయట తిండిలో పార్సిల్ బిర్యానీ ఉంటుంది, ఫోన్లో ఆర్డర్ పెట్టిన దోశా ఉంటుంది. పైగా "బయట తిండి తిని ఒళ్లు పాడు చేసుకోకురా" అనే దెప్పు ఒకటి. ఇంగ్లిష్ మాటలో ఆ దెప్పూ లేదు, పార్సిలూ లేదు. వెళ్లి అక్కడే కూర్చుని తినాలి.

నీ కథ జరిగేది 2020లో. లాక్‌డౌన్‌తో కుదేలైన హోటళ్ల కోసం అప్పటి బ్రిటన్ ఆర్థికమంత్రి రిషి సునాక్ 'ఈట్ అవుట్ టు హెల్ప్ అవుట్' అనే పథకం పెట్టారు. ఆగస్టు 3 నుంచి 31 దాకా, సోమ, మంగళ, బుధవారాల్లో తింటే బిల్లు సగమే. మనిషికి 10 పౌండ్లకు మించి తగ్గింపు లేదు. మద్యానికి వర్తించదు, పార్సిల్‌కీ వర్తించదు. షరతు పేరులోనే ఉందన్నమాట! ఆ జంట బుధవారం రాత్రే ఎందుకు హడావిడి పడిందో ఇప్పుడు తెలిసిందా? 'ఆరుబయట' అనేసరికి ఆ డబ్బు లెక్కంతా ఎగిరిపోయింది.

ఇంకోటి, ఈట్ అవుట్ అనే క్రియకి కర్మ ఉండదు. 'వియ్ ఈట్ అవుట్ ఆన్ ఫ్రైడేస్' అంటారు గానీ, 'ఈట్ అవుట్ పిజ్జా' అనరు. మనిషిని కర్మగా పెట్టావో, బూతైపోతుంది. జాగ్రత్త.

నాలుగో పేజీలో శాండ్‌విచ్ కొట్టు అమ్మాయి "ఇంట్లో తింటారా?" అని అడిగింది చూడు, నవ్వాగలేదు. ఈట్ ఇన్ అంటే ఇంట్లో తినడమే, కానీ కౌంటర్ దగ్గర అర్థం తిరగబడుతుంది: ఇక్కడే కూర్చుని తింటారా అని. ఊరికే అడగరు. అక్కడ చల్లటి శాండ్‌విచ్ పట్టుకెళ్తే వ్యాట్ సున్నా, కొట్లోనే తింటే మామూలు రోజుల్లో 20 శాతం. మన టిఫిన్ సెంటర్లో అడిగినట్టే "ఇక్కడే తింటారా, పార్సిలా?" అని అడిగించు. ఆ రెండు పేజీలూ దిద్ది మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య