మోదుగ పూసే నెలలో సోమశిల వెళ్ళండి

ఫిబ్రవరి మార్చిలో హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసేలా అడవి పూలు, కొండలు, నది మూడూ కనిపించే ట్రెక్ ఏదైనా ఉందా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్తే అంతా ఎండిపోయి ఉంది అని అడిగారు కదా. ఉందండీ. నేనైతే కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల అంటాను, ఐదారేళ్ళుగా శివరాత్రికీ హోళీకీ మధ్య ఏదో ఒక ఆదివారం వెళ్తూనే ఉన్నాం.

ముందు ఒక మాట. మన దగ్గర ఈ కాలంలో పూలు నేల మీద వెతికితే దొరకవు, తల ఎత్తి చూడాలి. గడ్డిలో పూసే చిన్న చిన్న పూలన్నీ వానలు పడ్డాక వస్తాయి. మాఘం చివర్నుంచి ఆకు రాల్చేసిన చెట్లే పూస్తాయి, మోదుగ, బూరుగ, కొండగోగు, ఇంకొంచెం ఆగితే ఇప్ప, ఏప్రిల్ మే వచ్చేసరికి రేల. అనంతగిరిలో మీకు ఎండిపోయినట్టు అనిపించిన చెట్లలో కూడా రెండో మూడో మొగ్గ మీదే ఉండి ఉంటాయి. మూసీ పుట్టేది అక్కడే, నిజమే, కానీ ఎండాకాలం ముందు ఆ కొండ మీద నిలబడితే నది అనేది ఏమీ కనపడదు, నదీ కావాలంటే కృష్ణ దగ్గరికే పోవాలి.

సోమశిల కొల్లాపూర్ పక్కనే, సిటీ నుంచి నాలుగు గంటలు వేసుకోండి, నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్తాం మేము. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితేనే బాగుంటుంది. కొల్లాపూర్ దగ్గరికి వచ్చేసరికి మామిడి తోటలు కొంత పూత మీద కొంత పిందె మీద ఉంటాయి, అద్దాలు దించితే చాలు ఆ వాసన కారంతా నిండిపోతుంది. బోర్డులు పెట్టి తయారుచేసిన ట్రెక్ రూట్ అంటూ అక్కడ నేనైతే చూడలేదు, మేము మొదటిసారి ఘాట్ రోడ్డు దగ్గర కారు ఆపేసి మేకల కాపరి ఒకాయన్ని అడిగితే ఆయనే దారి చూపించాడు, మేకలు నడిచే దారే, గంటన్నర ఎక్కుడు, రాళ్ళు ముళ్ళు ఉంటాయి కాబట్టి చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోండి.

పైకెక్కి వెనక్కి తిరిగితే కింద కృష్ణ. శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు అవి, కొండల మధ్యలోకి పాయలు పాయలుగా దూరి ఉంటాయి, నీళ్ళలోంచి చిన్న చిన్న దిబ్బలు తేలి ఉంటాయి, అవతల ఒడ్డు ఆంధ్ర. నీళ్ళు బాగా తగ్గిన ఏడు అవతలి వైపు సంగమేశ్వరం గుడి కూడా బయటపడుతుంది, ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉండే గుడి అది, లోపల వేప కర్ర శివలింగం. చెట్లకు పూలొచ్చే రోజుల్లోనే నది దిగిపోయి గుడి పైకి రావడం, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మోదుగ గురించి మాత్రం కాస్త చెప్పనివ్వండి. దూరం నుంచి చూస్తే ఆకు లేని కొమ్మలకు నిప్పు అంటుకున్నట్టే ఉంటుంది. దగ్గరికెళ్ళి ఒక్క పువ్వు చేతిలోకి తీసుకోండి, కింద తొడిమ దగ్గర నల్లటి మఖమల్ గుడ్డలాంటి గిన్నె, అందులోంచి చిలక ముక్కులా వంగిన నారింజ రంగు రెక్క, దాని మీద సన్నటి వెండి నూగు. మేం కూర్చున్న చెట్టు మీద గోరింకలు, తేనెపిట్టలు పొద్దున ఒకటే గోల, అవి పొడిచిన పూలు మా పళ్ళెంలో పడుతుంటే పులిహోర తిన్నాం. రాలిన పూలే ఒక సంచెడు ఏరుకొచ్చి రాత్రి నీళ్ళలో నానబెట్టి మర్నాడు మరిగించి వడకట్టాం, మా అమ్మమ్మ చెప్పినట్టు చిటికెడు సున్నం వేస్తే రంగు ముదిరింది, పిల్లలు ఆ ఏడాది హోళీ దాంతోనే ఆడారు. కొమ్మలు విరవకండి దయచేసి, ఏరుకున్నన్ని కిందే ఉంటాయి.

అంత దూరం కుదరకపోతే రాచకొండ వెళ్ళండి, సిటీకి 60 కిలోమీటర్లు, 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని, కోట ఎక్కుతుంటే బండల మధ్య పసుపు పచ్చటి కొండగోగు కనిపిస్తుంది, నది మాత్రం ఉండదు. శ్రీశైలం రోడ్డులో ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి కృష్ణ అద్భుతంగా ఉంటుంది కానీ అది కారు దిగి చూసే చోటు, నడక తక్కువ. పైగా అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, ఇష్టమొచ్చినట్టు అడవిలోకి దిగకూడదు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ అడవి రోడ్డు మూసేస్తారు, అది చూసుకుని బయల్దేరండి. నల్లమల అడవిలోని సలేశ్వరం గుడి చాలామంది చెప్తారు, చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే తెరుస్తారు, భక్తితో వెళ్ళండి తప్ప పూల కోసం కాదు, ఆ జనంలో చెట్టు దగ్గర నిలబడే వీలుండదు.

రెండు జాగ్రత్తలు. బండ చరియలకు తేనెతుట్టెలు వేలాడుతుంటాయి, సెంట్లు పూసుకుని వెళ్ళొద్దు, అక్కడ పొగ పెట్టొద్దు, అరవొద్దు. ఎండుటాకు ఎక్కడ చూసినా పరుచుకుని ఉంటుంది, ఒక్క సిగరెట్ పీక చాలు కొండంతా తగలబడిపోవడానికి. ఇక ఎండ సంగతి, రెండో ఏడాది మేము బద్ధకించి పదింటికి ఎక్కడం మొదలుపెట్టాం, మనిషికి ఒక్క లీటరు నీళ్ళే ఉన్నాయి, మా బామ్మర్దికి సగం దారిలో కళ్ళు తిరిగి వాంతి అయ్యింది, మోదుగ నీడ అనుకున్నాం కానీ ఆకు లేని చెట్టుకు నీడెక్కడిది, తడిగుడ్డ మెడ మీద వేసి మెల్లగా కిందకి దించుకొచ్చాం. అందుకే ఎనిమిదింటికల్లా ఎక్కడం మొదలుపెట్టేయాలి అనుకుంటాం, పదకొండుకి మాత్రం కింద ఉండాలి. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, మజ్జిగ వేరే.