యూటా కొండవాలులో అడవి పొగాకు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉంటాడు. మొన్న వెళ్లినప్పుడు కార్చిచ్చుకు కాలిన ఒక కొండవాలులో తెల్లని బూర పూల మొక్కను చూపించి, అది అడవి పొగాకనీ, అక్కడి ఆదివాసులు మందుగా వాడేవారనీ చెప్పాడు. మా పొలంలో పండేదీ అదీ ఒకటేనా? ఆ ఆకును కీళ్లనొప్పులకు కట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఒకటి కాదు గాని దాయాదులే. మీ పొలంలోది దక్షిణ అమెరికాలో పుట్టి, పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చిన నికోటియానా టబాకమ్. మీ అబ్బాయి చూపించినది, మీ వర్ణనను బట్టి, కయోటీ పొగాకు అని పిలిచే నికోటియానా అటెన్యువాటా కావచ్చు. దాని విత్తనాలు ఏళ్ల తరబడి మట్టిలో నిద్రాణంగా పడి ఉండి, కార్చిచ్చు పొగలోని రసాయనాలు తగిలాక మొలకెత్తుతాయి కనుక, కాలిన నేలలో అది కనిపించడం సహజమే. ఆకు పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది; పువ్వు సాధారణంగా పొద్దుగూకాక విచ్చుకుంటుంది.

అక్కడి ఆదివాసులైన షోషోనీ, పయూట్ ప్రజలు ఈ ఆకు నలిపి కీళ్లవాపులకు, ఎగ్జిమా అనే చర్మవ్యాధికి పట్టు వేసేవారు. జలుబుకు దీని పొగ పీల్చేవారు. ఉబ్బసానికి కూడా పీల్చేవారంటే నేటి వైద్యులు తల పట్టుకుంటారు. టేవా అనే మరో ఆదివాసీ ప్రజలు పన్నునొప్పికి ఆకును పంటిపై పెట్టుకునేవారు. మన పల్లెల్లో పెద్దవాళ్లు పుప్పిపన్ను కింద పొగాకు ముక్క నొక్కిపెట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. హోపీ ఆదివాసులకు మాత్రం ఇది మందుకన్నా ముందు పూజాద్రవ్యం. ఆ ప్రాంతానికి పొగాకుతో ఉన్న సంబంధం ఎంత పాతదంటే, యూటా ఎడారిలో సుమారు 12,300 ఏళ్ల నాటి పొయ్యిలో మాడిన పొగాకు విత్తనాలు దొరికాయని 2021లో పురావస్తు పరిశోధకులు ప్రకటించారు.

ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: కట్టవద్దు. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క వేళ్లలో తయారుచేసి ఆకులకు పంపే నికోటిన్ మన నరాల మీదా పనిచేస్తుంది, పైగా చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. మంచుకు తడిసిన పచ్చాకు కోసిన కూలీలకు తలతిరుగుడు, వాంతులు పట్టుకునేది ఇందువల్లనే. అడవి మొక్కల్లో ఏ ఆకులో నికోటిన్ ఎంతుందో చూసి చెప్పలేము. పుండు మీదో, గీరుకున్న చోటో వేస్తే మరింత త్వరగా ఎక్కుతుంది. ఇప్పటికే రుద్దుకొని ఉంటే సబ్బుతో బాగా కడుక్కోండి. వాంతులు, చెమటలు, గుండెదడ మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.